అగ్నిశిలలు ఎలా ఏర్పడతాయి, వాటిని ఎలా గుర్తించాలి: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రాయి రోజూ కనిపించే వస్తువే. లాల్‌బాగ్‌లో పిల్లలు ఎక్కే బండ, వంటగట్టు మీద పరిచిన నల్లరాయి, ఊరి శివార్లలో కంచెకు పాతిన రాతి కూసాలు, పునాదిలో పోసిన కంకర, అన్నీ రాళ్లే. వీటిలో ఏది అగ్నిశిల, ఏది కాదు, ఆ సంగతి చూసి ఎలా చెప్పాలి అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ప్రయోగశాలతో పని లేకుండా కంటితో, చిన్న భూతద్దంతో తేల్చగలిగిన విషయాలకే ఎక్కువ చోటు ఇచ్చాము.

అగ్నిశిల అని దేనిని అంటారు?

కరిగిన రాతి పదార్థం చల్లబడి గట్టిపడితే ఏర్పడేది అగ్నిశిల. ఆ ద్రవం భూమి లోపల ఉన్నంతవరకు శిలాద్రవం, ఉపరితలానికి చేరి ప్రవహిస్తే లావా. ఇసుక, బురద, గవ్వలు పేరుకుని గట్టిపడినవి అవక్షేప శిలలు. ముందే ఉన్న శిల పూర్తిగా కరిగిపోకుండానే వేడికి, ఒత్తిడికి లోనై కొత్త ఖనిజాలను, కొత్త అల్లికను పొందితే అది రూపాంతర శిల. బెంగళూరు పరిసరాలలో గుర్తింపు దగ్గర వచ్చే చిక్కంతా ఈ మూడో రకంతోనే వస్తుంది. దాని గురించి కింద వివరంగా రాశాము.

భూమి లోపలంతా కరిగిన ద్రవమే కదా? అదే అగ్నిపర్వతాల నుంచి బయటికి వస్తుందా?

కాదు. బడి రోజుల నుంచి చాలామంది మనసులో నాటుకుపోయిన అపోహ ఇది. భూమి పైపొర అయిన భూపటలం కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న భూప్రావారం దాదాపు అంతా ఘనరూపంలోనే ఉంది. భూకంపం వచ్చినప్పుడు పుట్టే తరంగాలలో ఎస్ తరంగాలు అనేవి ద్రవం గుండా సాగలేవు, కానీ అవి భూప్రావారం గుండా సాఫీగా సాగిపోతాయి. దాని కిందనున్న బయటి కేంద్రకం నిజంగానే ద్రవం, కానీ అది ప్రధానంగా ఇనుముతో కూడిన లోహద్రవం, లావాకు మూలం అది కాదు.

మరి ఘనంగా ఉన్న రాయి ఎందుకు కరుగుతుంది?

ఖండాల పైభాగంలో లోతుకు వెళ్లే కొద్దీ ఉష్ణోగ్రత కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. అంత వేడిలోనూ లోపలి రాయి కరగకపోవడానికి కారణం దాని మీద ఉన్న ఒత్తిడి. ఒత్తిడి పెరిగితే రాయి కరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. అందువల్ల రాయి కరగాలంటే ఈ సమతూకం ఎక్కడో ఒకచోట తప్పాలి, అలా తప్పడానికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, వేడి రాయి పైకి కదులుతున్నప్పుడు ఒత్తిడి తగ్గిపోవడం. అదనంగా వేడి ఏమీ చేరకపోయినా, పైనుంచి బరువు తగ్గినందువల్లనే రాయిలో కొంత భాగం కరుగుతుంది. సముద్రాల అడుగున, భూమి పైపెంకులోని పెద్ద ముక్కలైన పలకలు విడిపోయే చోట్ల పుట్టే బసాల్ట్ అనే సన్నగింజ నల్లరాయి ఇలాంటిదే, ఐస్‌లాండ్ ఆ వరుసలో నీటిపైకి కనిపించే భాగం. రెండోది, నీరు చేరడం. ఒక పలక మరో పలక కిందికి దిగినప్పుడు దానిలోని ఖనిజాలు విడుదల చేసే నీరు పైనున్న భూప్రావారంలోకి చేరి, అక్కడి రాయి కరిగే ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. మన దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం, అండమాన్ సముద్రంలోని బ్యారెన్ దీవి, ఇలా పుట్టినదే. మూడోది, కింది నుంచి వచ్చిన బసాల్ట్ ద్రవం భూపటలం అడుగున నిలిచిపోయి పైనున్న రాతిని వేడెక్కించడం. గ్రానైట్ ద్రవాలు పుట్టడంలో దీని పాత్ర పెద్దది.

ఈ మూడింటిలోనూ రాయి మొత్తం కరగదు. తేలికగా కరిగే భాగం ముందు కరిగి, మిగిలిన రాతిని వదిలి పైకి సాగుతుంది. అందుకే మూల శిలలో ఉన్నదానికంటే పుట్టిన ద్రవంలో సిలికా (సిలికాన్, ఆక్సిజన్‌ల సమ్మేళనం) శాతం సాధారణంగా ఎక్కువ ఉంటుంది. బసాల్ట్ లావా సుమారు 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ వద్ద పలుచగా పారుతుంది. సిలికా అధికంగా ఉన్న రయొలైట్ లావా 700 నుంచి 900 డిగ్రీల మధ్య చాలా చిక్కగా, కదలడానికి మొరాయిస్తూ ఉంటుంది.

ఒక్క శిలాద్రవం నుంచే వేర్వేరు శిలలు ఎలా వస్తాయి?

ద్రవం చల్లబడేటప్పుడు ఖనిజాలన్నీ ఒకేసారి గట్టిపడవు. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థ భూభౌతిక ప్రయోగశాలలో నార్మన్ బోవెన్ అనే శాస్త్రవేత్త 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కృత్రిమ ద్రవాలను చల్లబరుస్తూ ఈ వరుసను తేల్చాడు. ముందుగా ఆలివిన్, ఆ తర్వాత పైరాక్సిన్, హార్న్‌బ్లెండ్, నల్ల అభ్రకం వస్తాయి. దీనికి సమాంతరంగా ప్లేజియోక్లేస్ ఫెల్డ్‌స్పార్ మొదట కాల్షియం ఎక్కువగాను, పోనుపోను సోడియం ఎక్కువగాను గడ్డకడుతుంది. చివరకు మిగిలిన ద్రవం నుంచి పొటాషియం ఫెల్డ్‌స్పార్, తెల్ల అభ్రకం, క్వార్ట్జ్ అనే పలుగురాయి వస్తాయి. ముందు పుట్టిన స్ఫటికాలు బరువుకు అడుగుకు చేరినా, లేదా ద్రవమే వాటిని వదిలి ముందుకు వెళ్లినా, మిగిలిన ద్రవం కూర్పు మారుతుంది, దాని నుంచి వచ్చే శిల కూడా మారుతుంది.

గుర్తింపులో ఈ వరుస చాలా పనికొస్తుంది. ఆకుపచ్చని ఆలివిన్, పలుగు ఒకే సాధారణ అగ్నిశిలలో పక్కపక్కనే కనిపించడం చాలా అరుదు. అవి రెండూ ఉన్నాయని మీకు అనిపిస్తే, ఆ ఆకుపచ్చ గింజను మరోసారి పరీక్షించడం మంచిది.

రాయిలోని గింజ పెద్దగా ఉండటానికి, సన్నగా ఉండటానికి కారణం ఏమిటి?

ప్రధాన కారణం చల్లబడే వేగం. పటికబెల్లం ముక్కలు పెద్దవిగా రావాలంటే పాకాన్ని రోజుల తరబడి కదపకుండా ఉంచాలి. శిలాద్రవమూ కొన్ని కిలోమీటర్ల లోతున, వేలూ లక్షల సంవత్సరాలు చల్లబడితేనే కంటికి విడివిడిగా కనిపించే స్ఫటికాలు పెరుగుతాయి. గ్రానైట్, గాబ్రో అలాంటివి. లావా బయటకు వచ్చి రోజుల్లో, నెలల్లో గట్టిపడితే గింజలు భూతద్దానికి కూడా సరిగా అందవు. బసాల్ట్, రయొలైట్ ఈ కోవలోవి. స్ఫటికం పెరిగే వ్యవధి అసలే లేకపోతే అబ్సిడియన్ వంటి గాజు ఏర్పడుతుంది.

ఈ సూత్రానికి రెండు సవరణలు చెప్పుకోవాలి. సన్నని గింజల మధ్య పెద్ద స్ఫటికాలు పొదిగినట్టు కనిపిస్తే, ఆ ద్రవం లోతున కొంతకాలం నింపాదిగా చల్లబడి, తర్వాత ఉన్నట్టుండి పైకి చేరిందని సాధారణంగా అర్థం. రెండోది పెగ్మటైట్ అనే చాలా ముతక గింజల అగ్నిశిల. బొప్పాయి పండంత స్ఫటికాలున్న పెగ్మటైట్లు కూడా ఉంటాయి, కానీ దానికి కారణం అతి నెమ్మదిగా చల్లబడటం కాదు. చివర మిగిలిన ద్రవంలో నీరు ఎక్కువగా ఉండి, పరమాణువులు తేలికగా కదిలి కొన్ని స్ఫటికాల వద్దకే చేరడం వల్ల అవి అంత పెద్దవవుతాయి. నెల్లూరు దగ్గరి గూడూరు ప్రాంతంలో అభ్రకం తవ్వినది ఇలాంటి పెగ్మటైట్ల నుంచే.

చేతికి ఒక రాయి దొరికింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

రంగు దగ్గర మాత్రం మొదలుపెట్టవద్దు. ఎండకు, వానకు తడిసి ఆరిన రాయి పైపొర తుప్పు రంగులోకో, బూడిద రంగులోకో మారిపోయి ఉంటుంది. ముందు తాజాగా విరిగిన ముఖం కావాలి. పగలగొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి. లాల్‌బాగ్ వంటి రక్షిత స్థలాలలో ముక్క తీయడం మాట అటుంచి, సుత్తి తీయడమే తగదు. కంకర కుప్పలో కావలసినన్ని తాజా ముఖాలు దొరుకుతాయి కనుక బెంగళూరులో ఈ పరీక్షకు ఏ కొండనూ గాయపరచనక్కరలేదు.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయిని దాని దగ్గరకు తీసుకురావాలి. మొదటి ప్రశ్న: గింజలు ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఉన్నాయా, లేక విడి రేణువులను ఏదో అంటించినట్టు ఉన్నాయా? బిగుసుకుని ఉంటే స్ఫటిక శిల, అంటించినట్టు ఉంటే ఇసుకరాయి వంటి అవక్షేప శిల. రెండో ప్రశ్న: నల్ల ఖనిజాలు అన్ని దిక్కులకూ చెల్లాచెదురుగా ఉన్నాయా, లేక ఒకే దిక్కుకు సాగి చారలు కట్టాయా? చెదురుగా ఉంటే అగ్నిశిల అయ్యే అవకాశం ఎక్కువ, చారలుంటే రూపాంతరం జరిగి ఉండవచ్చు. దీన్ని అరచేతిలోని ముక్క మీద తేల్చడం కష్టం, వీలైతే బండ మొత్తాన్ని రెండు అడుగులు వెనక్కు జరిగి చూడాలి.

ఆ తర్వాత చాకు మొన. సాధారణ ఉక్కు చాకు గట్టిదనం, 1 నుంచి 10 వరకు ఉండే మోస్ కొలతలో, సుమారు 5.5. ఫెల్డ్‌స్పార్ 6, పలుగు 7 కనుక వాటి మీద గీత పడదు, చాకు లోహమే సన్నని మరకగా మిగులుతుంది. సున్నపురాయిలోని కాల్సైట్ 3 మాత్రమే కనుక తెల్లగా గీసుకుపోతుంది. ఆ గీసిన పొడి మీద కొంచెం వెనిగర్ వేస్తే నురగ వస్తుంది. ఈ ఒక్క పరీక్షతోనే సున్నపురాళ్లు, చలువరాళ్లు జాబితాలోంచి తప్పుకుంటాయి.

చివరగా బరువును బేరీజు వేయాలి. గ్రానైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 నుంచి 2.7 గ్రాములు, బసాల్ట్, గాబ్రోలది సుమారు 3 గ్రాములు. ఒకే పరిమాణం గల ముక్కలను రెండు చేతులలో పట్టుకుంటే, కొంత అలవాటైన తర్వాత, ఈ తేడా తెలుస్తుంది. డోలరైట్ అనే నల్లని అగ్నిశిలలో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం గింజలు ఉంటాయి కనుక దారానికి కట్టిన అయస్కాంతం దానివైపు కొద్దిగా వాలడం కూడా గమనించవచ్చు.

పలుగును, ఫెల్డ్‌స్పార్‌ను, తక్కిన ఖనిజాలను ఎలా వేరుచేయాలి?

రాయిని వెలుతురులో అటూ ఇటూ తిప్పండి. ఫెల్డ్‌స్పార్ నునుపైన తలాలుగా విరుగుతుంది కనుక ఒక కోణం దగ్గర ఆ ముఖం మొత్తం ఒక్కసారిగా తళుక్కుమంటుంది. పలుగుకు అలాంటి తలాలు లేవు. అది విరిగిన గాజు పెంకులాగా వంపులు తిరిగి, బూడిద రంగులో, తడి నూనె మెరుపుతో కనిపిస్తుంది. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ ఎక్కువగా పొటాషియం రకం. తెల్లని ఫెల్డ్‌స్పార్ ముఖం మీద సన్నని సమాంతర గీతలు భూతద్దంలో కనిపిస్తే అది ప్లేజియోక్లేస్ అని నిశ్చయించవచ్చు. అభ్రకాన్ని సూదితో పొరలుగా లేపవచ్చు. హార్న్‌బ్లెండ్, పైరాక్సిన్ రెండూ నల్లగానే ఉంటాయి. వాటి విరుపు తలాల మధ్య కోణం హార్న్‌బ్లెండ్‌లో సుమారు 120 డిగ్రీలు, పైరాక్సిన్‌లో దాదాపు లంబకోణం. చిన్న గింజలలో ఈ తేడా పట్టుకోవడం అనుభవజ్ఞులకే కష్టం, అక్కడ ఆగిపోవడంలో తప్పు లేదు.

ఇవన్నీ చూశాక శిలకు పేరు ఎలా పెట్టాలి?

కూర్పు ఒకవైపు, గింజ పరిమాణం మరోవైపు పెట్టుకోవాలి. సిలికా ఎక్కువగా ఉండి ముతక గింజ ఉంటే గ్రానైట్, అదే కూర్పు సన్నని గింజతో ఉంటే రయొలైట్. మధ్యస్థ కూర్పులో ముతకది డయొరైట్, సన్నది యాండిసైట్. సిలికా 45 నుంచి 52 శాతం ఉన్న వాటిలో ముతకది గాబ్రో, మధ్య రకం డోలరైట్, సన్నది బసాల్ట్. 45 శాతానికి దిగువన, దాదాపు ఆలివిన్, పైరాక్సిన్‌లతోనే నిండినది పెరిడొటైట్. గ్రానైట్ అనే పేరు నిలవాలంటే పలుగు, ఫెల్డ్‌స్పార్‌ల మొత్తంలో పలుగు 20 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. పలుగు అసలు కనిపించని రాతిని గ్రానైట్ అనకూడదు.

లాల్‌బాగ్ బండ గ్రానైటేనా?

చూడటానికి అలాగే ఉంటుంది, ఖనిజాలూ చాలావరకు అవే. కానీ అది నైస్ అనే రూపాంతర శిల. కెంపేగౌడ గోపురం నిలిచిన ఆ బండను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. దాని వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. దక్షిణ భారతంలో విస్తారంగా పరుచుకున్న ఈ శిలాసముదాయానికి పెనిన్సులర్ నైస్ అని పేరు పెట్టినది మైసూరు భూగర్భశాఖకు చెందిన డబ్ల్యూ.ఎఫ్. స్మీత్, 1916లో.

ఉదయం ఏటవాలు ఎండలో బండ మీద నిలబడి కిందికి చూస్తే నల్లని, తెల్లని పట్టీలు ఒకదాని పక్కన ఒకటి సాగి, కొన్నిచోట్ల మడతలు పడి కనిపిస్తాయి. తెల్ల పట్టీలలో పలుగు, ఫెల్డ్‌స్పార్, నల్ల పట్టీలలో అభ్రకం, హార్న్‌బ్లెండ్ ఎక్కువ. ఈ పట్టీలను అడ్డంగా కోస్తూ పోయే ముతక గింజల తెల్లని సిరలు కూడా అక్కడక్కడ ఉంటాయి. ఇక్కడ కథ ఒక్క మెట్టుతో ముగియలేదు. ఈ శిలలో అధికభాగం మొదట అగ్నిశిలగానే గడ్డకట్టింది, తర్వాత లోతున వేడికి, ఒత్తిడికి మడతలు పడింది, కొంత మేర మళ్లీ కరిగింది, ఆ తర్వాత కొత్త ద్రవాలు దానిలోకి చొరబడ్డాయి. కాబట్టి పుట్టుకను బట్టి అగ్నిశిల, ఇప్పటి స్థితిని బట్టి రూపాంతర శిల అని చెప్పడం సబబు. పాఠశాల ప్రాజెక్టులో ఒకే పదం రాయమంటే నైస్ అని రాయాలి.

అయితే అసలైన గ్రానైట్‌ను బెంగళూరు దగ్గర ఎక్కడ చూడవచ్చు?

మైసూరు దారిలో రామనగర చేరితే చాలు. అక్కడి కొండలు క్లోజ్‌పేట గ్రానైట్‌కు చెందినవి, రామనగరకు పూర్వం ఉన్న పేరే ఆ శిలకు వచ్చింది. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 400 కిలోమీటర్లు సాగే ఈ సన్నని పట్టీ సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం ఏర్పడింది. సావనదుర్గ కూడా ఇందులో భాగమే. అక్కడి బండలలో అంగుళం, అంతకు మించిన పొడవున్న గులాబీ, తెల్ల ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు దీర్ఘచతురస్రాలుగా స్పష్టంగా కనిపిస్తాయి. భూతద్దం అక్కరలేదు. లాల్‌బాగ్ చూసిన వారంలోనే రామనగర చూస్తే, పుస్తకం చదివి నేర్చుకోలేని తేడా కంటికి పట్టుబడుతుందని మా అభిప్రాయం.

ఆ కొండల మీది గుండ్రని గుండ్లు లావా ఉండలా?

కావు. పైనున్న రాతి పొరలు కోతకు గురై బరువు తగ్గినప్పుడు గ్రానైట్‌లో పగుళ్లు ఏర్పడతాయి. ఆ పగుళ్ల వెంట నీరు చేరి మూలలను ముందుగా కరగదీయడం వల్ల లోపలి భాగం గుండ్రంగా మిగులుతుంది. హైదరాబాదు గుండ్లూ ఇలా తయారైనవే.

జిగణి దుకాణాలలో అమ్మే ‘నల్ల గ్రానైట్’ గ్రానైటేనా?

వ్యాపారంలో గట్టిగా ఉండి, సానపడితే మెరిసే ప్రతి రాయినీ గ్రానైట్ అనే అంటారు. అమ్మేవారిని తప్పుపట్టడానికి లేదు, వారి లెక్క వేరు. కనకపుర వైపు నుంచి వచ్చే నిండు నలుపు రాయి డోలరైట్, పాత శిలల పగుళ్లలోకి చొచ్చుకుపోయి గోడల్లా నిలిచిన ద్రవం అది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే, ‘గెలాక్సీ’ అనే పేరుతో అమ్మే నల్లరాయి గాబ్రో కుటుంబానికి చెందింది. దానిలో రాగి రంగులో మెరిసే చుక్కలు బంగారమూ కాదు, అభ్రకమూ కాదు, బ్రాంజైట్ అనే పైరాక్సిన్ రేకులు. ఈ రెండూ అగ్నిశిలలే, గ్రానైట్లు మాత్రం కావు. ఇక అలలు అలలుగా రంగులు సాగిన పలకలు చాలావరకు నైస్ జాతివి.

అలమరలకు, అటకలకు వాడే నల్లని కడప రాయి అసలు అగ్నిశిలే కాదు, సున్నపురాయి. తాండూరు, బేతంచెర్ల బండలూ అంతే. అందుకే కడప రాయి గట్టు మీద నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, డోలరైట్ గట్టు మీద మిగలదు. కొనేముందు పరీక్షించాలంటే పలక అడుగున, సానపట్టని అంచు మీద చాకుతో గీసి వెనిగర్ వేసి చూడండి. పైముఖం మీద చేస్తే దుకాణదారు ఊరుకోడు.

బెంగళూరులో బసాల్ట్ దొరుకుతుందా? తెలుగు నేలలో ఎక్కడుంది?

దక్కన్ పీఠభూమిని కప్పిన బసాల్ట్ లావా బెంగళూరు దాకా కనిపించదు. కర్ణాటకలో అది కలబురగి, విజయపుర, బెళగావి వైపున ఉంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం పొంగిన ఆ లావా నేటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. తెలంగాణలో వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాలకు అది విస్తరించింది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, గోదావరికి ఆవలనున్న పంగిడి వద్ద కనిపించే బసాల్ట్ మరీ ఆసక్తికరమైనది. పశ్చిమాన పుట్టిన లావా ప్రాచీన నదీలోయల వెంట అంత దూరం పారి వచ్చిందని పరిశోధకులు భావిస్తున్నారు.

ఉడుపి తీరంలోని సెయింట్ మేరీస్ దీవుల స్తంభాలను చాలామంది బసాల్ట్ అంటారు. స్తంభాల ఆకారం లావా చల్లబడి కుంచించుకున్నప్పటి పగుళ్ల వల్ల వస్తుంది, కూర్పు వల్ల కాదు. రసాయన విశ్లేషణలో అవి సిలికా అధికంగా గల రయొలైట్ జాతివని తేలింది.

రంధ్రాలున్న నల్లరాయి దొరికింది. లావాయేనా, ఉల్కా?

లావాలోని వాయువులు బుడగలుగా చిక్కుకుని రంధ్రాలు మిగల్చడం నిజమే. దక్కన్ బసాల్ట్‌లో ఆ రంధ్రాలు తర్వాత తెల్లని జియొలైట్, అగేట్ వంటి ఖనిజాలతో నిండి ఉంటాయి. అయితే నగరంలో దొరికే రంధ్రాల నల్లరాయి చాలాసార్లు కొలిమి నుంచి పారేసిన ఇనుప చిట్టెం. దాని మీద గాజు మెరుపు, సాగిన చారలు, ఒక్కోసారి లోహపు చుక్కలు ఉంటాయి. ఉల్కలలో బుడగల రంధ్రాలు ఉండటం చాలా అరుదు. ఎర్రగా, పుట్ట మట్టిలా తూట్లు పడినది లాటరైట్, వానలకు శిలలు శిథిలమై మిగిలిన పదార్థం. పాదాలు రుద్దుకోవడానికి అమ్మే ప్యూమిస్ అసలైనదైతే నీటి మీద తేలుతుంది.

చెన్నైలోని బంధువులు పల్లావరం రాయి గురించి అడుగుతున్నారు. అది ఏ జాతి?

చార్నోకైట్. కోల్‌కతాలో ఉన్న, ఈస్ట్ ఇండియా కంపెనీకి చెందిన జాబ్ చార్నాక్ సమాధి రాయిని పరిశీలించి భూవిజ్ఞాని థామస్ హాలండ్ 1893లో ఆ పేరు పెట్టాడు. పలుగు, ఫెల్డ్‌స్పార్‌లతో పాటు హైపర్‌స్థీన్ అనే పైరాక్సిన్ ఉండటం, తాజా ముఖం జిడ్డుగా, ముదురు ఆకుపచ్చ బూడిద రంగులో కనిపించడం దాని గుర్తులు. కొన్నిచోట్ల అది శిలాద్రవం నుంచే గడ్డకట్టింది, కొన్నిచోట్ల తీవ్రమైన రూపాంతరం వల్ల ఏర్పడింది. అందువల్ల ఒక్క ముక్కను చూసి పుట్టుక తేల్చడం తొందరపాటు.

రాయిని చూసి దాని వయసు చెప్పవచ్చా?

ఎన్ని కోట్ల సంవత్సరాలన్నది కంటితో చెప్పలేము. దానికి జిర్కాన్ అనే అతిచిన్న ఖనిజం కావాలి. అది గడ్డకట్టేటప్పుడు యురేనియంను తనలో చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపు చేరనివ్వదు. యురేనియం-238 సగం తరిగి సీసంగా మారడానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది కనుక, జిర్కాన్‌లో ఇప్పుడున్న సీసాన్ని కొలిచి అది పుట్టిన కాలాన్ని లెక్కకడతారు.

ఏది ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం కంటితోనే చెప్పవచ్చు. బెంగళూరు చుట్టుపక్కల క్వారీలలో లేత నైస్‌ను కోస్తూ నల్లని డోలరైట్ గోడ కనిపిస్తే, కోసినదే వయసులో చిన్నది. ఇక్కడి ముఖ్యమైన డోలరైట్ గోడల వయసు సుమారు 237 కోట్ల సంవత్సరాలని కొలతలలోనూ తేలింది. గోడ నడిమధ్య నుంచి అంచు వైపుకు భూతద్దంతో చూసుకుంటూ పోతే గింజ క్రమంగా సన్నబడి, నైస్‌ను తాకే చోట దాదాపు కనిపించకుండా పోతుంది. ద్రవం చొరబడే నాటికే ఆ నైస్ చల్లబడి ఉందని, అందువల్లనే దాన్ని తాకిన అంచు ముందుగా గడ్డకట్టిందని దీనినిబట్టి చెప్పవచ్చు.